తాత వీలునామాలో పొడుపుకథ పెడితే చెల్లుతుందా?

పిల్లల సాహస నవలల్లో ఒక రకం ఉంది. ఎవరు రాసినా మొదటి అధ్యాయం ఇంచుమించు ఒకటే. బాగా ఆస్తి ఉన్న ముసలాయన చనిపోతాడు, అన్నీ అయ్యాక చుట్టాలందర్నీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి లాయరు కవరు చింపి వీలునామా చదువుతాడు, అందులో "నా ఆస్తి ఎవరికీ రాయలేదు, ఇదిగో మొదటి క్లూ, దీన్ని పట్టుకుని చివరిదాకా ఎవరు చేరితే అంతా వాళ్ళదే" అని ఉంటుంది. ఇక అక్కణ్ణుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, వాళ్ళ చిన్నాయనలు, మేనత్తలు, పేరు కూడా వినని దూరపు చుట్టాలు, అందరూ ఒకరి కాళ్ళు ఒకరు లాక్కుంటూ పరుగు.

ఆ పరుగంటే నాకు ప్రాణం. మన పిల్లలకి మన ఊళ్ళలోనే జరిగే అలాంటి నవల ఒకటి ఉండాలని రెండేళ్ళ కిందట రాయడం మొదలుపెట్టాను. కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర మొదలై, పత్తికొండ మీదుగా వజ్రకరూరు దాకా పోయే కథ. అరవై పేజీలు అయ్యాక సివిల్ కేసులు చూసే ఒక స్నేహితుడికి చదవమని ఇచ్చాను. ఆయన మొత్తం చదివి ఒక్క ప్రశ్న అడిగాడు. "ఈ భూమి ఆ పెద్దాయన సంపాదించిందా, వాళ్ళ నాయన నుంచి వచ్చిందా?" అది నేను ఎక్కడా రాయలేదు. "అది తేలకపోతే మీ మొదటి అధ్యాయమే నిలబడదు, ఆయనది కాని ఆస్తిని పందెంలో పెట్టే హక్కు ఆయనకి లేదు కదా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఏడాదిగా చట్టం పుస్తకాలు చదువుతూ, తెలిసినవాళ్ళని అడుగుతూ ఉన్నాను. నవల రాసేవాళ్ళకే కాదు, ఇంట్లో పంపకాల మాట వచ్చినప్పుడు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం చూసి ఏమీ అర్థంకాక పక్కన కూర్చున్న పిల్లలకి కూడా ఇది తెలియాలి అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ కథలు ఎక్కువగా ఇంగ్లిష్ వాళ్ళ దగ్గర పుట్టడానికి కారణం ఉంది. అక్కడ భూమీ మేడా ముక్కలు కాకుండా పెద్దకొడుక్కే పోయే ఆచారం చాలా కాలం నడిచింది, ఆస్తి ఉన్నవాడు తన ఇష్టం వచ్చినవాళ్ళకి మొత్తం రాసే స్వేచ్ఛా ఉండేది. మొత్తం ఒక్కరికే పోయే చోట "ఆ ఒక్కరూ ఎవరు?" అన్నది సహజంగానే కథ అవుతుంది. మన దగ్గర పద్ధతి వేరు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందట కళ్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య ప్రకారం, వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే పాలు ఉంటుంది, తండ్రి పోయేదాకా ఆగక్కర్లేదు, తండ్రి దయ కూడా అక్కర్లేదు. 13వ శతాబ్దంలోనే కవి కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అలా పాలు ఉన్న ఆస్తి దాయం, పాలు ఉన్నవాడు దాయాది. పంచుకునేవాడు అనే అర్థం ఉన్న మాట రానురాను పగవాడు అనే అర్థంలోకి ఎలా జారిందో మహాభారతం చదివినవాళ్ళకీ, పల్నాటి కథ విన్నవాళ్ళకీ చెప్పనక్కర్లేదు.

అసలు వీలునామా అనే మాటనే చూడండి. ముందు సగం ఇంగ్లిష్ విల్లు, వెనక సగం పారసీ నామా. మన పాత ధర్మశాస్త్రాల్లో చనిపోయాక నా ఆస్తి ఫలానావాడికి అని రాసిపెట్టే పద్ధతే లేదు, అది తర్వాత వచ్చింది, పేరు కూడా దానితోనే వచ్చింది.

మన సీమలో ఇంకో సంగతి కూడా కలిసింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేశాక, థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి 1807 దాకా కలెక్టరుగా పనిచేశాడు. జమీందార్లని మధ్యలో పెట్టకుండా ఒక్కో రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతి ఇక్కడ నిలబడింది ఆయన చేతుల్లోనే. (ఆయన చనిపోయింది కూడా ఇక్కడే, 1827లో పత్తికొండ దగ్గర, కలరాతో.) పెద్ద జమీందారీల్లో ఎస్టేటు విడగొట్టకుండా పెద్దకొడుక్కే పోయే ఆచారం చాలాచోట్ల ఉండేది కానీ, రైతు పట్టా భూమికి అలాంటి కట్టు లేదు, తరం మారినప్పుడల్లా గెట్లు పెరుగుతూ పోయాయి. అందుకే మన ఊళ్ళో కొండంత ఎస్టేటు ఒక్కడి పేరున ఉందని రాస్తే మన పిల్లలే నమ్మరు. తాత చేను ముగ్గురి మధ్య ఎలా చీలిందో, బావి దగ్గర వంతులు ఎలా వేసుకున్నారో వాళ్ళు చూస్తూనే పెరిగారు.

ఇప్పుడు ఆ లాయరు ప్రశ్నకి వద్దాం. నా నవల్లో తాతకి రెండు రకాల ఆస్తి ఉందని తేల్చుకున్నాను. పత్తికొండ వైపు తాతల నాటి నుంచి వస్తున్న 12 ఎకరాల మెట్ట భూమి. ఆయన ఆదోనిలో పత్తి వ్యాపారం చేసి సొంతంగా సంపాదించిన డబ్బు, దాంతో కర్నూల్లో కట్టిన ఇల్లు. మొదటిది పిత్రార్జితం, రెండోది స్వార్జితం. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, భార్య ముందే పోయింది. ఇప్పటి చట్టం ప్రకారం ఆ 12 ఎకరాల్లో తాతకీ, ముగ్గురు పిల్లలకీ సమానంగా నాలుగు పాళ్ళు, అంటే తలా 3 ఎకరాలు. మిగతా 9 ఎకరాలు ఆయన వీలునామాకి అందవు, ఆయన ఎంత అందమైన పొడుపుకథ రాసినా సరే. ఆయన తన 3 ఎకరాల పాలునీ, సొంత సంపాదన మొత్తాన్నీ మాత్రం ఎవరికైనా రాసుకోవచ్చు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 30వ సెక్షన్ ఆ స్వేచ్ఛ ఇచ్చింది. పందెంలో పెట్టగలిగింది అంతే.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహ గురించి చెప్పాలి, ఎందుకంటే దీని మీద అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. "తాత ఆస్తి కాబట్టి మనవడికి పుట్టుకతోనే హక్కు" అంటారు. అది అన్నివేళలా నిజం కాదు. తాత సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా 1956 తర్వాత పోతే, అది కొడుక్కి వారసత్వంగా వస్తుంది, వచ్చాక అది కొడుకు సొంత ఆస్తే, అందులో మనవడికి పుట్టుకతో పాలు లేదు. 1986లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. తాతకి తన తండ్రి నుంచి ఉమ్మడిగా వచ్చి, పంపకాలు కాకుండా నిలిచిన భూమి అయితేనే మనవడి లెక్క వేరుగా ఉంటుంది. కాబట్టి పాసుపుస్తకంలో ఎవరి పేరుంది అని చూస్తే సరిపోదు, ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ పోవాలి. నవల్లో పిల్లలకి ఇంతకంటే మంచి క్లూ ఏముంటుంది? పాత దస్తావేజులు, ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్ నకళ్ళు, ఎప్పటిదో ఒక పంపకాల విభాగపత్రం.

ఇక మేనత్తల దగ్గర కాస్త ఆగాలి. ఈ విషయంలో నాకు సొంత జ్ఞాపకం ఒకటి ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మా జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన, పోయిన రెండేళ్ళకి, మా అత్తలిద్దర్నీ రిజిస్ట్రారు ఆఫీసుకి పిలిపించారు. అది 1994. అన్నదమ్ములు భూమి అమ్మాలనుకుంటున్నారు, కొనేవాళ్ళు ఆడబిడ్డల సంతకాలు కూడా కావాలన్నారు. ఇద్దరికీ చెరో చీర తెచ్చారు. పెద్దత్త చీర కవరు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఆమెకి సంతకం వచ్చు, అయినా వేలిముద్ర కూడా వేయాలన్నారు. స్టాంపు ప్యాడు మీద నొక్కిన బొటనవేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలీక కాసేపు గాల్లోనే పట్టుకుని, చివరికి తల వెంట్రుకలకి రాసుకుంది. దస్తావేజు రాసినాయన్ని "నా పేరు యాడుందన్నా?" అని అడిగింది. ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆ వరస చదువుకుని, పేపరు వెనక్కి ఇచ్చేసింది. చిన్నత్త చదవనే లేదు.

ఆరోజు ఇద్దరూ ఒకే కాగితం మీద ఒకే రకంగా వేలు పెట్టారు, కానీ వదులుకున్నది ఒకటి కాదని నాకు ఈమధ్యే తెలిసింది. ఆంధ్రప్రదేశ్ 1986లో, కేంద్ర చట్టం కంటే చాలా ముందు, కూతుళ్ళకి కూడా కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ చట్టం మార్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. కానీ అందులో ఒక గీత గీశారు. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతురికి అది వర్తించదు. పెద్దత్త పెళ్ళి 1983లో, చిన్నత్త పెళ్ళి 1988లో. అంటే చిన్నత్తకి అన్నలతో సమానంగా పాలు ఉంది, పెద్దత్తకి జేజినాయన పాలులోంచి వచ్చే చిన్న ముక్క మాత్రమే ఉంది. ఆ సంగతి ఆ గదిలో ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. తెలిసి చెప్పలేదో తెలియక చెప్పలేదో ఇప్పుడు అడగడానికి వాళ్ళలో చాలామంది లేరు.

2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం ఆ పెళ్ళి గీతని చెరిపేసింది. పెళ్ళి ఎప్పుడైనా సరే, కూతురు కూడా కొడుకు లాగే పుట్టుకతోనే హక్కుదారు. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అక్కర్లేదా అని పదిహేనేళ్ళు కోర్టుల్లో వాదనలు నడిచి, చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేదే, తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న ప్రశ్నే రాదు అని తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలనీ, పంపకాలనీ ఈ చట్టం కదపదు. మా అత్తల కాగితం ఆ తేదీకి పదేళ్ళ ముందుది.

వారసుల పోటీ నవల్లో ఆడపిల్ల వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఆటలోకి ఏ సంవత్సరంలో వచ్చారో రచయితకి తెలిసి ఉండాలి అని నేను అంటున్నది ఇందుకే. "పసుపు కుంకుమల కింద నీకు ఇచ్చేశాం కదా" అనే మాట మన ఇళ్ళలో ఎంత బరువుగా పడుతుందో, పుట్టిల్లు పోతుందేమో అన్న భయంతో ఎంతమంది నోరు మెదపకుండా వేలు పెడతారో మనకి తెలుసు. నా నవల్లో కథానాయిక ఇప్పుడు కూతురి కూతురు. మొదట కొడుకు కొడుకుగా రాశాను, మార్చేశాను.

సరే, తాత తన స్వార్జితాన్ని పందెంలో పెట్టాడనుకుందాం. షరతు పెట్టి వీలునామా రాయొచ్చా? రాయొచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో దీనికి వరసగా సెక్షన్లు ఉన్నాయి, వాటి కింద ఇచ్చిన ఉదాహరణలు చదువుతుంటే కథల పుస్తకం చదివినట్టే ఉంటుంది. గంటలో వంద మైళ్ళు నడిస్తే నీకు ఎస్టేటు అని రాస్తే అది చెల్లదు, ఎందుకంటే అసాధ్యం. ఫలానావాణ్ణి చంపితే 500 రూపాయలు అని రాసినా, మొగుణ్ణి వదిలేస్తే 5,000 అని మేనకోడలికి రాసినా చెల్లదు, ఎందుకంటే చట్టానికీ నీతికీ విరుద్ధం. నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. నలుగురి ఒప్పుదలతో పెళ్ళి చేసుకుంటేనే ఆస్తి అని షరతు. ఒకాయన ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చాడు, ఒకాయన పెళ్ళికి వచ్చాడు, ఒకాయన ముందే కానుక పంపాడు, నాలుగో ఆయనకి కబురు చెబితే కాదనలేదు. షరతు నెరవేరినట్టే అంటుంది చట్టం. మన పెళ్ళిళ్ళలో చుట్టాల ఒప్పుదల అచ్చం ఇలాగే కదా వచ్చేది.

కాబట్టి పొడుపుకథ చెల్లుతుంది, కొన్ని జాగ్రత్తలతో. విప్పడం మనిషికి సాధ్యమై ఉండాలి. దొంగతనమో మోసమో చేస్తే తప్ప విప్పలేనిదై ఉండకూడదు. ఏం ఇస్తున్నాడో, ఎవరికి ఇస్తున్నాడో స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే ఉద్దేశం తేలని వీలునామా ఆ కారణంతోనే చెల్లకుండా పోతుంది. అంటే తాత క్లూల్లో ఎన్ని మెలికలైనా పెట్టొచ్చు కానీ బహుమతిలో మెలిక పెట్టకూడదు. ఎవరు గెలిచారో చెప్పడానికి ఒక ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాలో రాసింది అమలు చేసే మనిషి, ఉంటే మంచిది. గడువు కూడా రాయాలి, లేకపోతే ఆస్తి పంచే సమయానికి షరతు నెరవేరకపోతే ఆ రాత దండగ.

గడువు దగ్గరికి వచ్చేసరికి నాకు నవల మొత్తం కొత్తగా కనిపించింది. గడువు లోపల ఎవరూ గెలవలేదనుకోండి, అప్పుడు ఎవరికి పోవాలో తాత రాయలేదనుకోండి, అప్పుడా ఆస్తి వీలునామా లేనట్టే వారసులకి సమానంగా పోతుంది. ఆ వారసులు ఎవరు? బతికి ఉన్న కొడుకులు, కూతురు. మనవళ్ళూ మనవరాళ్ళూ కాదు. తండ్రి బతికి ఉండగా మనవడు తాతకి నేరుగా వారసుడు కాడు, తండ్రి ముందే పోయి ఉంటేనే ఆ పాలు పిల్లలకీ వాళ్ళ తల్లికీ వస్తుంది.

అంటే ఏమైంది? పిల్లలకి ఆస్తి వచ్చే దారి ఒక్కటే, గెలవడం. పెద్దవాళ్ళకి రెండు దారులు. తమ బిడ్డ గెలిస్తే మొత్తం ఇంటికే వస్తుంది, అది కుదరదని తేలితే ఎవరూ గెలవకుండా చూసుకున్నా మూడో వంతు ఖాయం. కాబట్టి తన కొడుకు వెనకబడ్డాడని తెలిసిన రోజు నుంచి పెద్దమామకి క్లూ వెతకాల్సిన పని లేదు, మిగతా పిల్లల్ని గడువు దాకా ఆపితే చాలు. అబద్ధం చెప్పక్కర్లేదు, విలన్‌గా మారక్కర్లేదు. "పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, ఎండలో తిరగొద్దమ్మా" అంటే చాలు. ప్రేమగానే అనొచ్చు, నిజంగా ప్రేమ ఉండే అనొచ్చు. విదేశీ కథల్లో చుట్టాలంతా ఒకే గీత మీద నిలబడి పరిగెత్తుతారు. మన చట్టంలో అదే పందెం తరాల మధ్య చీలిపోతుంది, అప్పులున్న మామకి ఒక లెక్క, అప్పు లేని మామకి ఇంకో లెక్క. దీన్ని నేను ఊహించి రాయలేదు, చట్టమే ఇచ్చింది.

వీలునామా చదివే సీనూ మార్చాల్సి వచ్చింది. అందర్నీ పిలిచి హాల్లో చదవాలని మన చట్టంలో ఎక్కడా లేదు. దానికి బదులు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో నాకు చాలా నచ్చిన ఏర్పాటు ఒకటి దొరికింది. వీలునామాని కవర్లో పెట్టి సీలు వేసి, పైన పేరు రాసి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. లోపల ఏముందో ఆయనకీ తెలీదు. ఆయన దాన్ని నిప్పంటుకోని పెట్టెలో భద్రపరచాలి, 5వ నంబరు పుస్తకంలో రాసుకోవాలి. మనిషి పోయాక ఎవరైనా దరఖాస్తు పెడితే వాళ్ళ ముందే కవరు విప్పి, వాళ్ళ ఖర్చుతో 3వ నంబరు పుస్తకంలోకి ఎక్కించి, అసలు కాగితాన్ని మళ్ళీ దాచేస్తారు. మామూలుగా రిజిస్టరు చేసిన వీలునామా నకలు కూడా, రాసినాయన బతికి ఉన్నంతకాలం ఆయనకీ ఆయన పంపినవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

అలా అని రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు. చివరగా రాసిందే చెల్లుతుంది, ముందుది రిజిస్టరైనా సరే. ఎవరో ఒక చుట్టం మధ్యలో ఇంకో కాగితం పట్టుకొచ్చి "ఇది తర్వాతది" అంటే కథ ఎలా మలుపు తిరుగుతుందో చూడండి. అప్పుడు ఆ కాగితాన్ని నిరూపించడానికి సాక్షుల్లో బతికి ఉండి, రాగలిగినవాళ్ళు ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. నిధికి బదులు మనిషిని వెతకడం, ముప్పై ఏళ్ళ కిందట ఆదోని మార్కెట్టులో తూకాలు వేసిన ఒక ముసలాయన్ని ఊరూరా అడుగుతూ పోవడం, నాకు ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు చాలా సంతోషం కలిగింది.

ఇదంతా హిందూ కుటుంబం లెక్క. కర్నూలు పాతబస్తీలోనో కడపలోనో ముస్లిం కుటుంబంలో కథ నడిపితే తాత చేతిలో ఉండేది ఇంకా తక్కువ. అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతుకి మించి, మిగతా వారసులు ఒప్పుకోకుండా, వీలునామా రాయలేడు. క్రైస్తవ కుటుంబమైతే మొత్తం రాయొచ్చు.

సాహస నవల అన్నాక ప్రాణభయం ఉంటుంది, ఎవరో ఒకరు అడ్డు తొలగించుకోవాలని చూస్తారు. దానికీ చట్టంలో జవాబుంది. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసినవాడూ, దానికి సాయపడ్డవాడూ ఆ చనిపోయినవాళ్ళ ఆస్తికి వారసులు కాలేరు. మైనర్ల సంగతి కూడా. పద్నాలుగేళ్ళ పిల్లకి వీలునామా ద్వారా ఆస్తి రావొచ్చు, కానీ పద్ధెనిమిది నిండేదాకా సంరక్షకుల చేతుల్లో ఉంటుంది, కన్న తండ్రే అయినా ఆ పిల్ల పేరున ఉన్న ఇంటినో భూమినో కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి లేదు.

ఇక నిధి. తాత నగలో నాణేలో పాతిపెట్టాడని రాసే ముందు 1878 నాటి నిధుల చట్టం చదవాలి. నేలలో దాచిన సొమ్ము విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్ళు కలెక్టరుకి తెలియజేయాలి, 10 రూపాయలంటే అప్పటి లెక్క, ఇప్పటికీ చట్టంలో అదే ఉంది. చెప్పకుండా దాచుకుంటే తమ వాటా ప్రభుత్వానికి పోవడమే కాక ఏడాది దాకా జైలు పడొచ్చు. ఎవరిదో తేలని నిధి అయితే దొరికినవాళ్ళకి ముప్పావు వంతు, నేల యజమానికి పావు వంతు. కానీ వందేళ్ళ లోపల దాచిందని, దాచినవాళ్ళు ఫలానా అని తేలేలా ఉంటే, వారసులు సివిల్ కోర్టుకి పోయి మాదేనని నిరూపించుకోవచ్చు. అంటే నా నవల్లో తాత 1971లో దాచిన డబ్బా ఆయన ఆస్తే, పక్కనే ముత్తాతల కాలం నాటి నాణేల కుండ దొరికితే అది వేరే లెక్క. రెండూ ఒకే గోతిలో దొరకాలని నిర్ణయించుకున్నాను.

ఎక్కడ దాచాలన్న ప్రశ్నకి మన ఊళ్ళే జవాబు. జొన్నపాతర. ఇంటి ముందో వీధిలోనో నేలలోకి తవ్వి, జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టి కప్పేవాళ్ళు. చాలాకాలం మూసి ఉన్న పాతర మూత తీయగానే దిగకూడదు, లోపల పీల్చుకునే గాలి ఉండదు, దిగినవాళ్ళు దిగినట్టే పడిపోతారు. ముందు మూత తీసి గాలి ఆడనివ్వాలి, తాడుకి దీపం కట్టి దించి చూడాలి, దీపం ఆరిపోతే ఆరోజుకి వద్దు. ఇది తెలిసిన పిల్ల, తెలియని పిల్లవాడు, ఇద్దరి మధ్య పోటీ.

క్లూల కోసం నేను ఎక్కువ దూరం పోలేదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు ఉన్నాయి. బ్రాహ్మీ లిపి మామూలుగా ఎడమ నుంచి కుడికి పోతుంది, కానీ అక్కడి ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి ఉంటాయి. చేను దున్నేటప్పుడు ఎద్దులు గెట్టు దాకా పోయి మళ్ళి వచ్చినట్టు. తాత చివరి ఉత్తరం అర్థంకాక పిల్లలంతా తలలు పట్టుకున్నప్పుడు, చిన్నప్పుడు నాగలి వెనక నడిచిన కథానాయిక అమ్మ ఒక్కతే దాన్ని సాళ్ళు సాళ్ళుగా చదవగలుగుతుంది. అక్కణ్ణుంచి వజ్రకరూరు దూరం కాదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో పైమట్టి కొట్టుకుపోయి రంగురాళ్ళు తేలతాయని ఎక్కడెక్కణ్ణుంచో జనం వచ్చి తల వంచుకుని వెతుకుతారు కదా, ఆ గుంపులో పిల్లలు కలిసిపోతే ఎవరు ఎవర్ని వెంబడిస్తున్నారో కనిపెట్టడం కష్టం.

ప్రస్తుతం రాత చివరి నుంచి రెండో అధ్యాయం దగ్గర ఉంది. గడువు రేపు సాయంత్రంతో అయిపోతుంది. పాతర మూత నిన్నటి నుంచి తీసే ఉంది, దించిన దీపం ఈసారి ఆరలేదు. పిల్ల నడుముకి తాడు కట్టుకుని అంచున కూర్చుంది. తాడు రెండో కొన అమ్మ చేతిలో ఉంది. బిడ్డ గెలిస్తే తన అన్నలిద్దరికీ ఈ ఆస్తిలో ఏమీ రాదు, వాళ్ళలో ఒకాయనకి బ్యాంకు నోటీసు వచ్చిందని ఆమెకి ఒక్కదానికే తెలుసు. తాడు మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని, "దిగు, నేను పట్టుకున్నా" అంటుంది.